మీటింగ్ ఒకచోట, ఫైళ్లు ఇంకోచోట: రెండింటినీ కలపడానికి ఏది మేలు?

వీడియో మీటింగులకు జూమ్ మంచిదా, మైక్రోసాఫ్ట్ టీమ్స్ మంచిదా, గూగుల్ మీటా అని ఎవరైనా అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: మీ ఫైళ్లు ఎక్కడుంటాయి? బొమ్మా మాటా మూడింట్లోనూ బాగానే వస్తాయి. తేడా బయటపడేది మీటింగ్ అయిన మూడు వారాలకు, "ఆ రోజు చూపించిన షీట్ ఏది? రికార్డింగ్ ఎవరి దగ్గరుంది?" అని వెతుకులాట మొదలైనప్పుడు. అందుకే ఇక్కడ పోలుస్తున్నది యాప్‌లను కాదు, మీటింగును ఫైళ్లతో ముడివేసే పద్ధతులను.

మొదటి పద్ధతి, మీటింగ్ యాప్, ఫైళ్లు దాచే చోటు రెండూ ఒకే ఇంటివి, అంటే ఒకే కంపెనీవి కావడం: గూగుల్ మీట్‌కి గూగుల్ డ్రైవ్, టీమ్స్‌కి మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్ (ఒక్కొక్కరి సొంత నిల్వ), షేర్‌పాయింట్ (టీము ఉమ్మడి నిల్వ).

గూగుల్ వైపు అసలు సుఖం క్యాలెండర్‌లో ఉంది. మీటింగ్ ఇన్వైట్‌కి ఒక డాక్ (గూగుల్ డాక్యుమెంట్) జతచేసి సేవ్ చేయబోతే, పిలిచినవాళ్లకు ఆ ఫైల్ చూసే అనుమతి లేకుంటే ఇవ్వమంటారా అని అదే అడుగుతుంది. మీటింగ్ మధ్యలో "యాక్సెస్ రిక్వెస్ట్ పెట్టాను, కాస్త చూడండి" అనే గొడవ సగం అక్కడే తీరిపోతుంది. తెరిచి ఉన్న డాక్ లేదా స్లైడ్స్ నుంచే మీటింగులో చేరి దాన్నే చూపించవచ్చు. రికార్డింగ్ సౌకర్యం ఉన్న ప్లాన్ అయితే, ఆ వీడియో మీటింగ్ పెట్టినవారి మై డ్రైవ్‌లో చేరుతుంది. మెలిక అక్కడే. మై డ్రైవ్ మనిషిది, టీముది కాదు. ఆ మనిషి మానేశాక, ఫైళ్లను ఇంకొకరి పేరుకు మార్చకుండా అడ్మిన్ (కంపెనీ ఖాతాలు చూసుకునేవారు) ఆ ఖాతా తీసేస్తే అవీ పోతాయి. ఖాతాను వెనక్కి తెచ్చుకోవడానికి ఉండే గడువు 20 రోజులే. నేను పనిచేసిన ఒక టీములో ఏడాదిపాటు చేసిన డెమోలన్నీ ఇలాగే పోయాయి. వెళ్లినాయన తప్పేమీ లేదు, మీటింగులన్నీ ఆయన పేరు మీద పెట్టించింది మేమే. షేర్డ్ డ్రైవ్‌లో, అంటే టీము ఉమ్మడి డ్రైవ్‌లో పెట్టిన ఫైల్ టీముదే అవుతుంది కాబట్టి, రికార్డింగును అక్కడికి మార్చే పని ఎవరో ఒకరికి అప్పగించాలి.

టీమ్స్‌లో ఇదే చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. చానెల్‌లో, అంటే టీమంతా ఒక అంశం మీద మాట్లాడుకునే చోట పెట్టిన ఫైల్ నిజానికి టీమ్ షేర్‌పాయింట్‌లో ఉంటుంది. చాట్‌లో పంపినదేమో పంపినవారి వన్‌డ్రైవ్‌లో. చూడడానికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, గతి మాత్రం వేరు. రికార్డింగులదీ అదే దారి: చానెల్ మీటింగుది షేర్‌పాయింట్‌కి, మామూలు మీటింగుది ఒక వ్యక్తి వన్‌డ్రైవ్‌కి. పైగా కొత్త రికార్డింగులకు గడువు ఉంటుంది. అడ్మిన్ మార్చకపోతే అది 120 రోజులు. ఆ తర్వాత వీడియో రీసైకిల్ బిన్‌లోకి పోతుంది. నాలుగు నెలల కిందటి నిర్ణయం కోసం వెతికేవాళ్లు ముందు ఈ సెట్టింగ్ చూసుకోవాలి. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: ప్రాజెక్ట్ మీటింగులన్నీ చానెల్‌లోనే పెట్టే అలవాటున్న టీముకు ఇంతకన్నా కుదురైన ఏర్పాటు నేను చూడలేదు. చర్చ, ఫైల్, వీడియో ఒకేచోట, టీము పేరు మీద ఉంటాయి. ఆ అలవాటు చేయించడమే కష్టం. అందరి చెయ్యీ చాట్ మీదికే పోతుంది.

రెండో పద్ధతి, మీటింగ్ ఒకరిది, నిల్వ ఇంకొకరిది. జూమ్‌తో బాక్స్, డ్రాప్‌బాక్స్, డ్రైవ్ లాంటివి కలపడం. బయటి క్లయింట్లతో ఎక్కువ పని ఉన్నవాళ్లకు ఇది నప్పుతుంది. రేపు మీటింగ్ యాప్ మార్చినా ఫైళ్లు కదలవు. చాట్‌లో నిల్వలోని ఫైల్ పంచుకోవడం దాకా సులువే. రికార్డింగ్ దగ్గరే అతుకు కనిపిస్తుంది. ఉచిత ఖాతాలో క్లౌడ్ రికార్డింగ్ లేదు, వీడియో రికార్డ్ చేసినవారి కంప్యూటర్‌లో ఎంపీ4గా మిగులుతుంది. డబ్బు కట్టిన ఖాతాలో జూమ్ క్లౌడ్‌లో ఉంటుంది, కానీ మీ నిల్వలోకి దానంతటది రాదు. మధ్యలో ఒక కనెక్టర్ (రెండు సేవలను కలిపే సాధనం) పెట్టుకోవాలి, లేదా రికార్డింగ్ పూర్తవగానే జూమ్ దానంతటదే పంపే కబురును (వెబ్‌హుక్) పట్టుకుని కాపీ చేసే చిన్న ప్రోగ్రామ్ రాసుకోవాలి. ఇలాంటివి చప్పుడు లేకుండా ఆగిపోతుంటాయి. అనుమతి ఇచ్చిన ఉద్యోగి ఖాతా మూతపడితే కనెక్టర్ కూడా మూగబోతుంది, ఆ సంగతి నెల తర్వాత తెలుస్తుంది. కాబట్టి దాన్ని మనిషి పేరు మీద కాక, టీముకంటూ తీసిన ఖాతా మీద కలపండి.

మూడోది చేత్తో చేసేది. వారం వారం జరిగే మీటింగుకు ఒకే డాక్, దాని లింక్ ఇన్వైట్‌లో, కొత్త తేదీ ఎప్పుడూ పైన. ఫైళ్ల లింకులూ తీసుకున్న నిర్ణయాలూ ఆ తేదీ కిందే. చెప్పడానికి నామోషీగా ఉంటుంది గానీ, పది మందిలోపు టీముకు నేను ముందు చెప్పేది ఇదే. గంట వీడియోను మళ్లీ చూసే ఓపిక ఎవరికీ ఉండదు, రెండు వాక్యాల నిర్ణయాన్ని అందరూ చదువుతారు. రాసేవాళ్లు సెలవు పెట్టిన వారం మాత్రం ఖాళీగా పోతుంది.

నా లెక్క ఇది. ఫైళ్లు ఇప్పటికే గూగుల్‌లోనో మైక్రోసాఫ్ట్‌లోనో ఉంటే ఆ ఇంటి మీటింగే వాడండి, యాప్ నచ్చిందని ఫైళ్లను తరలించకండి. సగం మీటింగులు బయటివాళ్లతో అయి, కనెక్టర్‌ను కనిపెట్టుకుని ఉండే మనిషి కూడా ఉంటే రెండోది. ఆ మనిషి లేకపోతే రెండోది వద్దే వద్దు. ఏదీ తేల్చుకోలేకపోతే, పోయిన నెల మీటింగుకు రాని ఒకరిని పిలిచి, అప్పుడు తీసుకున్న నిర్ణయాన్నీ దాని ఫైల్‌నూ ఎవరినీ అడక్కుండా వెతికి తెమ్మనండి. వాళ్లు మొదట ఎక్కడ తెరిచి చూస్తారో గమనించండి. మీ టీము ఫైళ్లు ఉండాల్సిన చోటు అదే.