న్యూయార్క్ షార్ట్ స్టే రిజిస్ట్రేషన్: అపార్ట్‌మెంట్‌లో అద్దెకుండే మనిషి రివ్యూ

5కి 4 స్టార్లు. ఆ ఒక్కటి ఎందుకు తగ్గించానో కింద రాశాను.

న్యూయార్క్ సిటీ 2023 సెప్టెంబర్ 5 నుంచి అమలు చేస్తున్న షార్ట్ టర్మ్ రెంటల్ (30 రోజుల లోపు అద్దె) రిజిస్ట్రేషన్ గురించి ఈ రివ్యూ. దీన్ని లోకల్ లా 18 అంటారు. నేను క్వీన్స్‌లో ఒక పాత అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌లో ఫ్యామిలీతో అద్దెకు ఉంటున్నాను. ఇండియా నుంచి వచ్చే చుట్టాలకి షార్ట్ స్టేలు వెతికి పెట్టేది కూడా నేనే, కాబట్టి రెండు వైపుల కష్టాలూ తెలుసు.

ఇది రాకముందు మా పై అంతస్తులో ఒక ఫ్లాట్‌ని అద్దెకి తీసుకున్న మనిషి అందులో ఒక్కరోజు కూడా ఉండేవాడు కాదు. రెండు మూడు రోజులకోసారి కొత్త మొహాలు. మెయిన్ గేటు ఊచలకి తాళాల లాక్‌బాక్స్, అర్ధరాత్రి మెట్ల మీద సూట్‌కేసులు లాక్కెళ్లే చప్పుడు, మా తలుపు కొట్టి "చెక్ ఇన్ ఇక్కడేనా" అని అడగడం. రీసైక్లింగ్ డబ్బాలో చెత్తంతా కలిపేస్తే ఫైన్ పడేది బిల్డింగ్‌కి. బిల్డింగ్ చూసుకునే సూపర్‌కి చెప్తే మేనేజ్‌మెంట్‌కి చెప్పమనేవాడు, మేనేజ్‌మెంట్ వాళ్లు రుజువు తెమ్మనేవాళ్లు. మా పక్కింటి పెద్దావిడ ఒక్కతే ఉంటారు, లిఫ్టులో ఎవరున్నారో తెలియక సాయంత్రం తర్వాత బయటికి రావడమే మానేశారు. ఇది చిన్న విషయం అనేవాళ్లు అలాంటి బిల్డింగ్‌లో ఒక నెల ఉండి చూడాలి.

అసలు భయం నిప్పు. హోటల్ అంటే రోజూ కొత్తవాళ్లు వస్తారని లెక్కేసి స్ప్రింక్లర్లు, అలారాలు, బయటికి దారి చూపే బోర్డులు పెడతారు. మామూలు అపార్ట్‌మెంట్‌ని అక్కడే కాపురం ఉండి, రెండో మెట్లదారి ఎటుందో తెలిసినవాళ్ల కోసం కడతారు. నిన్న రాత్రి దిగిన మనిషికి పొగలో ఆ దారి ఎలా తెలుస్తుంది?

చాలామందికి తెలియనిదేంటంటే ఇది 2023లో కొత్తగా పుట్టిన నేరం కాదు. మూడు లేదా అంతకన్నా ఎక్కువ ఇళ్లున్న బిల్డింగ్‌లో, అక్కడ నివాసముండే మనిషి లేకుండా 30 రోజుల లోపు అద్దెకివ్వడం రాష్ట్ర చట్టం ప్రకారం 2011 మే నుంచే తప్పు. 2016లో అలాంటి ఫ్లాట్‌కి ప్రకటన ఇవ్వడం కూడా తప్పే అన్నారు, 7,500 డాలర్ల దాకా ఫైన్ పెట్టారు. అయినా మా పై ఫ్లాట్ దర్జాగా నడిచింది. ఎందుకంటే ఇన్‌స్పెక్టర్ రావాలి, తలుపు కొట్టాలి, లోపలున్న గెస్ట్ తలుపు తీసి నిజం చెప్పాలి. ఇవన్నీ జరిగేలోపు ఆ గెస్ట్ వెళ్లిపోయి ఇంకొకరు దిగేవాళ్లు.

లోకల్ లా 18 డబ్బు దారినే పట్టుకుంది, నాకు అన్నిటికన్నా నచ్చింది ఇదే. హోస్ట్, అంటే ఇల్లు ఇచ్చే మనిషి, 145 డాలర్లు కట్టి సిటీ దగ్గర రిజిస్టర్ చేసుకోవాలి. బుకింగ్ సైట్ ఆ నంబర్‌ని సిటీ సిస్టమ్‌లో సరిచూసుకున్నాకే కమీషన్ తీసుకోవాలి, లేకపోతే ఒక్కో తప్పుకి 1,500 డాలర్ల దాకా సైట్ మీదే పెనాల్టీ. హోస్ట్‌కైతే 5,000 డాలర్ల దాకా. బుకింగ్ సైట్ ఎయిర్‌బీఎన్‌బీ దీని మీద కోర్టుకెళ్లింది, 2023 ఆగస్టులో జడ్జి ఆ కేసు కొట్టేశారు. పైన రెండు చట్టాలు ఇన్నేళ్లలో చేయలేని పని ఇది చేసి చూపించింది. మా గేటుకి ఇప్పుడు లాక్‌బాక్స్ లేదు. పై ఫ్లాట్‌లో చంటిబిడ్డతో ఒక జంట ఉంటున్నారు, ఏడాది లీజు మీద.

రూల్స్ గట్టివే. హోస్ట్ ఆ ఇంట్లోనే ఉండాలి, డబ్బిచ్చే గెస్టులు ఇద్దరికి మించకూడదు, వాళ్లుండే గదిని మిగతా ఇంటి నుంచి తాళమేసి వేరు చేయకూడదు. రెంట్ రెగ్యులేటెడ్ (అద్దె పెంపుకి ప్రభుత్వం హద్దు పెట్టిన) ఇళ్లకి రిజిస్ట్రేషనే ఇవ్వరు, లీజులో వద్దని ఉన్నా అంతే. మన స్టూడెంట్స్ వాట్సాప్ గ్రూపుల్లో "టెంపరరీ అకామడేషన్, వారానికి ఇంత" అని పెడుతుంటారు కదా, వాళ్లు ఇది ఒకసారి చదువుకోవాలి. లీజులో పేరున్నవాడు సెమిస్టర్ సెలవులకి ఇంటికెళ్లి తన గదిని వారాల లెక్కన ఇస్తే అది ఈ రూల్స్‌కి విరుద్ధమే, లీజు పోయే ప్రమాదం కూడా ఉంది. 30 రోజులు, ఆపైన ఇస్తే ఈ రిజిస్ట్రేషన్ అక్కర్లేదు, కానీ ఓనర్ అనుమతి అప్పుడూ కావాలి.

ఇబ్బంది లేదని అనను. కాన్వొకేషన్‌కి అమ్మానాన్నలు వస్తే నలుగురికీ సరిపడే చోటు, పప్పూ అన్నం వండుకోడానికి ఒక స్టవ్ కావాలంటే సిటీలో ఇప్పుడు చాలా కష్టం, హోటల్ రేట్లు వింటేనే టెన్షన్. మా చుట్టాలు ఈమధ్య నది అవతల జెర్సీ సిటీ వైపు చూస్తున్నారు. అక్కడ కూడా 2019 నవంబర్‌లో జనమే ఓటేసి రూల్స్ బిగించారు: అద్దెకున్నవాళ్లు షార్ట్ స్టేకి ఇవ్వకూడదు, ఓనర్ అక్కడ ఉండకపోతే ఏడాదికి 60 రోజులే. ఆ అసౌకర్యం నాకూ ఉంది, అయినా పక్కింటావిడ నిద్రని మన చుట్టాల వంటింటితో తూచలేను.

ఇక తగ్గించిన స్టార్ సంగతి. అపార్ట్‌మెంట్ బిల్డింగ్‌కి, తన సొంత రెండు వాటాల ఇంట్లో కింద వాటా ఇచ్చుకునే కుటుంబానికి ఒకే రూల్ పెట్టారు. ఇంటి లోను కట్టుకోడానికి ఆ ఆదాయం మీద ఆధారపడ్డ కుటుంబం వేరు, పది ఫ్లాట్లు లీజుకి తీసుకుని వ్యాపారం చేసేవాడు వేరు. అమలు మొదలైన రోజుల్లో దరఖాస్తులు 3,000 దాటితే ఆమోదించినవి 300 కూడా లేవు, అదీ తప్పే. ఇంకొకటి, దీనివల్ల అద్దెలు తగ్గుతాయని ఆశపెట్టినవాళ్లున్నారు, తగ్గలేదు. 2023 సర్వేలో సిటీ మొత్తం మీద ఖాళీగా ఉన్న అద్దె ఇళ్లు 1.41 శాతం. అంత కరువుంటే ఒక్క చట్టం ఏం చేస్తుంది, ఇళ్లు కట్టాలి.

గచ్చిబౌలి, కొండాపూర్ అపార్ట్‌మెంట్లలో ఇదే బాధ పడుతూ వాచ్‌మన్‌తో రిజిస్టర్‌లో పేర్లు రాయించుకునే అసోసియేషన్ వాళ్లకి ఇందులో ఒక అంశం గట్టిగా సిఫార్సు చేస్తాను. ఇక్కడ బిల్డింగ్ ఓనర్ "మా దగ్గర షార్ట్ స్టే వద్దు" అని సిటీకి రాసిస్తే ఆ బిల్డింగ్‌ని నిషేధిత జాబితాలో పెడతారు, ఆ తర్వాత అక్కడి ఫ్లాట్‌కి నంబర్ రాదు. గేటు దగ్గర గొడవ పడాల్సిన పనే లేదు.

సిటీకి వచ్చేవాళ్లు బుక్ చేసేముందు లిస్టింగ్‌లో ఓఎస్ఈ (OSE, ఈ రిజిస్ట్రేషన్ చూసే సిటీ ఆఫీసు) అనే అక్షరాలతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబర్ ఉందో లేదో చూసుకోండి. చట్టం గెస్టులకి ఫైన్ వేయదు, కానీ బుకింగ్ క్యాన్సిల్ అయితే సామానుతో రోడ్డు మీద నిలబడేది గెస్టులే. నంబర్ లేకుండా "సైట్ బయట డబ్బు పంపండి, ఎవరైనా అడిగితే ఫ్రెండ్స్ అని చెప్పండి" అంటే ఎంత చవకైనా వదిలేయండి.