మూడు ఫోటోలు కలపాలా, ఒక్క రా ఫైల్ చాలా?

పర్లాకిమిడిలో మహేంద్రతనయ నది ఒడ్డున పొద్దుగూకే వేళ కెమెరా తీస్తే ఎవరికైనా ఇదే చిక్కు: ఆకాశానికి సరిపెడితే ఒడ్డు నల్లబడుతుంది, ఒడ్డుకు సరిపెడితే ఆకాశం తెల్లగా పోతుంది. ఎక్స్‌పోజర్ (ఫోటోకి అందే వెలుగు) మారుస్తూ మూడు ఫోటోలు (-2, 0, +2 స్టాప్‌లు; ఒక్కో స్టాప్‌కి వెలుగు రెట్టింపు లేదా సగం) తీసి కలపొచ్చు. లేదా ఒకే రా ఫైల్ (సెన్సర్ పట్టిన సమాచారాన్ని దాదాపు అలాగే దాచే ఫైల్) తీసి, నీడల్ని, అంటే చీకటి భాగాల్ని, తర్వాత ఎడిటింగ్‌లో పైకి లేపి వెలుగు పెంచొచ్చు.

ఖర్చు: మూడింటికి ట్రైపాడ్ ఉంటే మేలు, కార్డు మూడింతలు నిండుతుంది. ఒక్కదానికి కెమెరా చాలు. సాఫ్ట్‌వేర్‌కి టెన్షన్ లేదు, ఫోటోలు కలిపే ల్యూమినెన్స్ హెచ్‌డీఆర్, రా ఫైల్ ఎడిట్ చేసే డార్క్‌టేబుల్ రెండూ ఉచితమే.

శ్రమ: మూడింటికి ఐఎస్ఓ (వెలుగుకు సున్నితత్వం), అపర్చర్ (లెన్స్ రంధ్రం సైజు) కదపకుండా షట్టర్ స్పీడ్ (వెలుగు పడే సమయం) ఒక్కటే మార్చాలి. ఒక్కదానికి ఆకాశం తెల్లబడకుండా చూసుకుని నొక్కేయడమే.

రిస్క్: అసలు తేడా ఇక్కడే. గాలికి ఆకులు ఊగినా, మనిషి నడిచినా మూడు ఫోటోల్లో మూడు చోట్ల ఉంటాయి, కలిపాక ఒకే మనిషి రెండు మూడు చోట్ల మసగ్గా కనిపిస్తాడు, డీగోస్టింగ్ (ఈ అదనపు బొమ్మల్ని చెరిపే ఆప్షన్) పెట్టినా అది అన్నిసార్లూ పూర్తిగా పోదు. ఒక్క రా ఫైల్‌లో ఆ బాధ లేదు, కానీ నీడల్ని మరీ లేపితే నాయిస్ (గరుకు చుక్కలు) వస్తుంది, చిన్న సెన్సర్లలో ఇంకా ఎక్కువ. ఏ దారిలోనైనా స్లైడర్లు చివరిదాకా లాగకండి, కొండల అంచున తెల్లటి గీత పడి ఫోటో అంతా కృత్రిమంగా తయారవుతుంది.

మహేంద్రగిరి మీది రాతిగుడి చీకట్లోంచి గుమ్మం బయటి ఎండ కూడా కావాలంటే మూడు తీయండి. గుణుపురం బజారు, పిల్లలు, పక్షులు, పడవలు అయితే నా ఓటు ఒక్క రా ఫైల్‌కే.