రాయగడలో పిల్లల దంత వైద్యశాల: మా అబ్బాయి పళ్ళ మీద బయటపడ్డ ఊదా రంగు

మా అబ్బాయికి ఎనిమిదేళ్ళు. గత ఏడాది వాడి కింది దవడలో చివరి పన్ను మీద ఆవగింజంత నల్ల చుక్క కనబడితే, మేము ఉండే ఒడిశాలోని గుణుపురంలోనే ఒక చోట చూపించాను. పన్నును సరిగా పరీక్షించకుండానే "పాల పన్నేనమ్మా, ఎలాగూ ఊడిపోయేదే" అని నొప్పి మాత్ర రాసి పంపించారు. నేను ఆ మాట నమ్మి నాలుగు నెలలు ఊరుకున్నాను. ఒక రాత్రి చల్లటి నీళ్ళు తాగి వాడు దవడ పట్టుకుని ఏడ్చినప్పుడు, ఇక ఆలస్యం చేయకూడదని మర్నాడే రెండు గంటలకు పైగా బస్సులో ప్రయాణం చేసి రాయగడలోని పిల్లల దంత వైద్యశాలకు తీసుకువెళ్ళాను. అక్కడ పొందిన వైద్యం గురించి, మా జిల్లాలోని తెలుగు తల్లిదండ్రులకు పనికివస్తుందన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

డాక్టరమ్మ అద్దం పెట్టి చూసి మొదట అడిగిన ప్రశ్న, ఈ పన్ను ఎప్పుడు వచ్చిందని. నాకు గుర్తులేదు. అది పాల పన్ను కాదని, ఆరేళ్ళ ప్రాయంలో పాల పళ్ళన్నిటికీ వెనక, ఏ పన్నూ ఊడకుండానే మొలిచే శాశ్వత దవడ పన్ను అని, పైన రెండు, కింద రెండు చొప్పున వచ్చే ఆ నాలుగూ జీవితాంతం నమలడానికి ఆధారమని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు. పాల పన్ను ఊడి, ఆ చోట కొత్తది వస్తేనే అది శాశ్వతమైనదని అనుకునే తల్లులు నాలాగే ఎందరో ఉంటారు. ఈ ఒక్క సంగతి తెలిసి ఉంటే ఆ నాలుగు నెలలు వృథా అయ్యేవి కావు.

తరువాత చేసిన పరీక్ష కోసమైనా ఈ వైద్యశాలకు వెళ్ళమని చెబుతాను. దూది ఉండతో వాడి పళ్ళన్నిటికీ ఒక రంగు ద్రవం పూసి, పుక్కిలించి ఉమ్మమన్నారు. కడిగిన తరువాత చేతి అద్దం ఇచ్చి చూసుకోమన్నారు. ముందు పళ్ళు దాదాపు తెల్లగానే ఉన్నాయి. కింది పళ్ళ లోపలి వైపు, చిగుళ్ళను ఆనుకుని గులాబి రంగు గీత. ఎడమ దవడ పళ్ళ సందుల్లోనూ, వాటి మీది గాడుల్లోనూ నేరేడు పండు తిన్నట్టు ముదురు ఊదా రంగు. గులాబి రంగు కొత్తగా పట్టిన పాచి అని, ఊదా రంగు రోజుల తరబడి కదలకుండా పేరుకున్న పాచి అని ఆమె వివరించారు. ప్రతి ఉదయం "తోముకున్నావా?" అంటే "తోముకున్నాను" అనే మా వాడు, అద్దంలో చూసుకుంటూ వేలి గోరుతో ఆ ఊదా మచ్చను గీకి, గోటికి అంటిన మెత్తటి పదార్థాన్ని నాకు చూపించాడు. నేను రెండేళ్ళుగా చెప్పిన మాటలేవీ చేయని పని ఆ నిమిషం చేసింది.

ఆ మెత్తటి పదార్థంలో ఏముందో కూడా ఆమె ఓపికగా చెప్పారు. మనుషుల నోళ్ళలో ఇప్పటివరకు 700కు పైగా బాక్టీరియా జాతులను గుర్తించారట. వాటిలో ఎక్కువ భాగం మనకు హాని చేయవు. కొన్ని తాము తయారుచేసే హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో చెడ్డవాటిని అదుపులో ఉంచుతాయి కూడా. కాబట్టి నోట్లో ఒక్క సూక్ష్మజీవి లేకుండా చేయాలనుకోవడం పొరపాటని, పిల్లలకు ఘాటైన మౌత్‌వాష్ రోజూ వాడించవద్దని చెప్పారు. పన్ను పుచ్చడంలో ముఖ్య పాత్రధారి స్ట్రెప్టోకాకస్ మ్యూటాన్స్ అనే బాక్టీరియా. 1924లో క్లార్క్ అనే శాస్త్రవేత్త పుచ్చు పళ్ళ నుంచే దీన్ని వేరుచేసి పేరు పెట్టాడు. ఇది చక్కెరను తిని లాక్టిక్ ఆమ్లం వదులుతుంది. అదే చక్కెరతో పంటికి అంటుకునే జిగురును కూడా తయారుచేసుకుంటుంది. రాత్రి రుబ్బిపెట్టిన ఇడ్లీ పిండిని తెల్లవారేసరికి పులియబెట్టేవి కూడా ఇలాంటి లాక్టిక్ ఆమ్ల బాక్టీరియాలే. పిండి పులిస్తే మనకు మంచిదే గాని, అదే పులుపు పంటి మీద నిలిచి పీహెచ్ (పులుపు పెరిగేకొద్దీ తగ్గే కొలత) 5.5 కంటే తగ్గితే పంటి పై గట్టి పొర అయిన పింగాణీలోని (ఎనామెల్) ఖనిజం కరగడం మొదలవుతుంది. తీపి తిన్న కొద్ది నిమిషాల్లోనే పులుపు పెరుగుతుంది; లాలాజలం దాన్ని తిరిగి సర్దడానికి అరగంట నుంచి గంట పడుతుంది. అందుకే ఎంత తీపి తిన్నాడన్నదాని కంటే రోజుకు ఎన్నిసార్లు తిన్నాడన్నది ముఖ్యం. బడి నుంచి వచ్చింది మొదలు పడుకునే దాకా జీళ్ళో, బెల్లపు పాకం ఉండలో ఏదో ఒకటి నోట్లో నానుతూ ఉంటే లాలాజలానికి ఆ వ్యవధి ఎక్కడ దొరుకుతుంది?

ఈస్టు సంగతి నాకు పూర్తిగా కొత్త. కాండిడా అనే ఈస్టు ఆరోగ్యంగా ఉన్న ఎందరో పిల్లల నోళ్ళలో కూడా ఉంటుంది. మ్యూటాన్స్ విడిచే జిగురు తయారీ ఎంజైము ఈ ఈస్టు కణాల మీద అతుక్కుని, అక్కడ కూడా జిగురు అల్లుతుంది; రెండూ కలిసినప్పుడు పాచి మరింత మందంగా, మొండిగా తయారవుతుంది. మా అబ్బాయికి ఉబ్బసం ఉంది, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ వాడుతున్నాడు. అది వాడే పిల్లల నోట్లో ఈస్టు పెరిగి తెల్ల పొర కట్టే అవకాశం ఉందని, ఇన్‌హేలర్‌కు తగిలించే స్పేసర్ గొట్టం వాడి, ప్రతిసారీ నీళ్ళతో పుక్కిలించి ఉమ్మాలని ఆమె చెప్పారు. అంతకుముందు ఇన్‌హేలర్ రాసిన చోట, అమ్మిన చోట ఈ మాట నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ సూక్ష్మజీవుల సంఖ్య ఎంతో తేల్చే పరీక్ష చేయమని నేనే అడిగాను. పుచ్చిన పన్ను కళ్ళ ముందే ఉండగా అంతకు మించిన ఆధారం అక్కరలేదని, దానికి డబ్బు ఖర్చు పెట్టవద్దని ఆమె అన్నారు. అవసరం లేని పరీక్ష వద్దని చెప్పే వైద్యుల మీద నాకు గౌరవం కలుగుతుంది. ఆ తరువాత నన్ను కుర్చీలో కూర్చోమన్నారు. నా పళ్ళు రెండు పుచ్చి ఏళ్ళయింది, ఏనాడూ చూపించుకోలేదు. మ్యూటాన్స్ పసితనంలో ఎక్కువగా తల్లి లాలాజలం ద్వారానే బిడ్డకు చేరుతుందట. వాడికి అన్నం పెట్టేటప్పుడు కాలుతుందేమోనని ప్రతి చెంచానూ నా నోటితో చూసి పెట్టిన రోజులు గుర్తుకువచ్చి, నాకు నోట మాట రాలేదు. "మీరు ప్రేమతో చేసిందే కదమ్మా, ఇప్పుడు మీ పళ్ళు కూడా బాగుచేయించుకోండి" అని ఆమె అన్న తీరు మరచిపోలేను. మా అత్తగారి గుడాకు అలవాటు గురించి కూడా అడిగి, అది పొగాకు ముద్ద అని, పిల్లలు చూసి నేర్చుకుంటారని గట్టిగానే హెచ్చరించారు.

వైద్యానికి అయిన ఖర్చు చెబుతాను. ఫీజు 300 రూపాయలు, పుచ్చిన పన్నుకు ఫిల్లింగ్ 1,200, మిగిలిన మూడు శాశ్వత దవడ పళ్ళ గాడులు మూసే సీలెంట్ ఒక్కోదానికి 600 చొప్పున 1,800, ఫ్లోరైడ్ వార్నిష్ 700. మొత్తం 4,000. వార్నిష్‌లో 5 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉంటుంది. కుంచెతో పూస్తే లాలాజలం తగలగానే గట్టిపడుతుంది. వాడు కుర్చీలో భయపడలేదు.

లోపాలు కూడా ఉన్నాయి. ధరల పట్టిక ఎక్కడా కనబడలేదు; సీలెంట్ వేసిన తరువాతే దాని ధర తెలిసింది. మాలాంటి మధ్యతరగతి వాళ్ళకు ముందుగా చెప్పడం అవసరం. జాగ్రత్తల కాగితం ఒడియాలోనూ, ఇంగ్లీషులోనూ మాత్రమే ఉంది. వచ్చేవారిలో సగం మంది తెలుగు మాట్లాడుతున్న చోట తెలుగు కాగితం లేకపోవడం పెద్ద వెలితి. వార్నిష్ పూసిన రాత్రి బ్రష్ చేయవద్దన్న మాట ఆ కాగితంలోనే ఉంది. చదువు రాని తల్లికి అది ఎలా తెలుస్తుంది? పైగా ఫోన్‌లో సమయం తీసుకున్నా గంటన్నర కూర్చోవలసి వచ్చింది.

ఇంటికి వచ్చాక మార్చినవి రెండే. స్ట్రాబెర్రీ రుచి ఉన్న పేస్టు డబ్బా తిప్పి చూస్తే ఫ్లోరైడ్ 500 పీపీఎం (పది లక్షల పాళ్ళలో 500) కూడా లేదు. ఆమె సూచన ప్రకారం 1000 పీపీఎం ఉన్నది కొని, బఠాణీ గింజంత మాత్రమే వేస్తున్నాను. తీపి భోజనంతో పాటే, విడిగా లేదు.

ఆరు నెలల తరువాత మళ్ళీ వెళ్ళినప్పుడు అదే రంగు పూశారు. గులాబి గీతలు అక్కడక్కడా ఉన్నాయి. ఊదా రంగు ఒక్క చోటే మిగిలింది, కింది ఎడమ దవడ చివరి పన్ను లోపలి వైపు. కుడి చేత్తో తోముకునే వాడి బ్రష్ అక్కడిదాకా తిరగడం లేదు. ఇప్పుడు రోజూ రాత్రి వాడు తోముకున్నాక బ్రష్ నేను తీసుకుని, ఆ ఒక్క పన్ను నా చేత్తో తోముతున్నాను.