పటం బాగా వచ్చింది, వెనక స్టిక్కరే అబద్ధం

ఈ ఫ్రేముల షాపుకి సగం స్టార్ ఇచ్చే వీలుంటే మూడున్నర ఇచ్చేదాన్ని. లేదు కాబట్టి నాలుగు.

విశాఖ ఎంవీపీ కాలనీలో నాకు చిన్న బొటిక్ ఉంది. ట్రయల్ రూమ్ పక్క గోడ బోసిగా ఉంటే, ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సిన్యాక్ 1890లో వేసిన, కళా విమర్శకుడు ఫెలిక్స్ ఫెనియోన్ పోర్ట్రెయిట్ పెట్టాలనుకున్నా. మేకగడ్డం మనిషి పక్కకి తిరిగి, ఒక చేత్తో సైక్లమెన్ పువ్వు, రెండో చేత్తో టోపీ, చేతికర్ర పట్టుకుని నించుంటాడు. నాకు పిచ్చెక్కించేది మాత్రం ఆయన వెనక సుడి తిరిగే డిజైన్. ఒక్కో పాయలో ఒక్కో రంగు, ఒకదాంట్లో చుక్కలు, ఇంకోదాంట్లో అలలు. జపాన్ కిమోనో డిజైన్ చూసి అల్లిందంటారు. బట్టల వ్యాపారం చేసేవాళ్ళకి ఇంకేం కావాలి? సిన్యాక్ 1935లోనే పోయారు, కాబట్టి మన దగ్గర కాపీరైట్ గొడవ కూడా లేదు.

ఈ షాపులో కాన్వాస్ ప్రింటు, ఫ్రేము ఒకేచోట చేసిస్తారు. "24×36 స్టాండర్డ్ సైజు మేడమ్" అన్నారు. అసలు పటం ఎత్తు 73.5 సెంటీమీటర్లు, వెడల్పు 92.5. ముప్ఫై ఆరు అంగుళాలకి సాగదీస్తే ఫెనియోన్ లావెక్కుతాడు, కత్తిరిస్తే పైనా కిందా పోతుంది. 24×30 అయితే దాదాపు సరిపోతుందని పట్టుబట్టా. సణుగుతూనే ఒప్పుకున్నారు.

మొదటి ప్రింటు చూస్తే ఏడుపొచ్చింది. నెట్‌లో దొరికిన చిన్న ఫైల్‌నే పెద్దది చేసి కొట్టేశారు. సిన్యాక్ లాంటి నియో ఇంప్రెషనిస్టు చిత్రకారులు రంగుల్ని ముందే కలిపేయరు. నారింజ పక్కన నీలం చుక్క పెట్టి, కలిపే పని చూసేవాళ్ళ కంటికి వదిలేస్తారు. ఆ చుక్కలే లేకపోతే ఈ పటంలో మిగిలేదేమిటి? ఫెనియోన్ వేసుకున్న కోటు మొత్తం చలివిడి ముద్దలా అయిపోయింది. పెద్ద ఫైల్ వెతికి పంపాను. పైసా అడక్కుండా మళ్ళీ వేసిచ్చారు, ఆ మాట చెప్పి తీరాలి. ఇప్పుడు దగ్గరికెళ్తే ఆవరంగు కోటులో చుక్కలు విడివిడిగా కనిపిస్తున్నాయి, నాలుగడుగులు వెనక్కొస్తే కోటవుతోంది.

ఫ్రేము పనికి వంక పెట్టలేం. మన ఉప్పుగాలికి ఇనప మేకులు ఎన్నాళ్ళుంటాయో తెలిసిందే. అడక్కుండానే స్టీలు హుక్కులు వేశారు, గోడకీ పటానికీ మధ్య గాలి ఆడేలా నాలుగు మూలలా రబ్బరు బిళ్ళలు అంటించారు.

ఇక ఆ స్టిక్కర్. పటం తిప్పి చూస్తే బంగారు రంగులో "ఫ్రెంచి రాజకుటుంబ సేకరణ నుంచి" అని ఉంది. 1890లో ఫ్రాన్సులో రాజెక్కడున్నాడండీ? పైగా ఈ ఫెనియోన్ 1894లో అనార్కిస్టుల (అసలు ప్రభుత్వమే వద్దనేవాళ్ళ) కేసులో అరెస్టయి, నిర్దోషిగా బయటికొచ్చిన మనిషి! నియో ఇంప్రెషనిజం అన్న పేరు 1886లో పెట్టింది కూడా ఆయనే. ఎదురుగా చూస్తున్నట్టు వెయ్యమంటే స్నేహితుడు సిన్యాక్ పక్కకి తిప్పి వేశాడు. పటం అంతగా నచ్చలేదు, అయినా 1944లో పోయేదాకా తన దగ్గరే ఉంచుకున్నాడు. తర్వాత అది డేవిడ్ రాక్‌ఫెల్లర్ దంపతుల చేతికొచ్చింది, వాళ్ళు 1991లో న్యూయార్క్‌లోని మోమా మ్యూజియానికి కానుకగా రాశారు. అనార్కిస్టు బొమ్మ చివరికి ఆయిల్ కోటీశ్వరుల ఇంటికి చేరిందన్నమాట. ఇంత మంచి కథ ఉండగా లేని రాజుల్ని పుట్టించడం ఎందుకు?

ఓనరు గారిని అడిగితే, "అన్నిటికీ అదే వేస్తామమ్మా, కస్టమర్లకి తృప్తి" అన్నారు. నిజమే, పక్కనున్న సింహాచలం అప్పన్న పటం తిప్పితే దానికీ అదే స్టిక్కరు! ఆయనే పగలబడి నవ్వి, నాది పీకించేసి, నేను రాసిచ్చిన నాలుగు లైన్లు తెల్లకాగితం మీద ప్రింటు తీసి అంటించారు. అప్పన్న స్టిక్కరు సంగతి మాత్రం తెలీదు.

డెలివరీతో కలిపి 3,900 అయింది. పటం తెచ్చిన కుర్రాడు గోడకి డ్రిల్ వెయ్యడు, ఆ ఏర్పాటు మీరే చూసుకోవాలి.