61 సిగ్ని, పి సిగ్ని: ముందు ఏది చూస్తే మేలు?

సిగ్నస్ నక్షత్ర మండలంలో కంటికి ఆనీ ఆనని చుక్కలు బోలెడు. వాటిలో రెండింటిని పక్కపక్కన పెట్టి చూడాల్సిందే. ఒకటి 61 సిగ్ని, రెండోది పి సిగ్ని. రెండింటి మాగ్నిట్యూడూ, అంటే కంటికి కనిపించే వెలుగు కొలతా, దాదాపు 4.8. ఈ అంకె పెరిగేకొద్దీ చుక్క మసకగా ఉంటుంది. బాగా చీకటిగా ఉన్న చోట మామూలు కంటికి 6 దాకా కనిపిస్తాయి. కాబట్టి ఊరవతల పొలం గట్టు మీద నిలబడి చూస్తే ఈ రెండూ ఒకే వెలుగుతో, పెద్దగా పట్టించుకోవాల్సినవి కానట్టు ఉంటాయి.

దూరాలు తెలిశాక మాత్రం అలా అనిపించదు. 61 సిగ్ని మనకు 11.4 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. పి సిగ్ని సుమారు 5,000 కాంతి సంవత్సరాల అవతల ఉంది. మొదటిది దగ్గరున్నా మసకగా ఉండటానికి కారణం దాని సొంత వెలుగే తక్కువ కావడం. రెండోది మసకగా ఉండటానికి కారణం దూరం. సూర్యుణ్ణి తీసుకెళ్లి 61 సిగ్ని ఉన్న చోట పెడితే మాగ్నిట్యూడ్ 2.5 దగ్గర, ధ్రువ నక్షత్రం కంటే కాస్త తక్కువ వెలుగుతో ఊళ్లోంచి కూడా కనిపిస్తాడు. పి సిగ్ని ఉన్న చోట పెడితే 15 దాటిపోతాడు, పెద్ద టెలిస్కోప్ లేకుండా దొరకడు. నక్షత్రాల వర్గీకరణ ఎందుకు కావాలో అర్థం కావడానికి ఇంతకంటే మంచి జంట నాకు తెలీదు. కంటికి కనిపించే వెలుగు ఒక్కటే చూస్తే చుక్క ఎలాంటిదో ఏమీ తేలదు.

61 సిగ్ని నిజానికి రెండు నక్షత్రాలు. ఒకదాని మాగ్నిట్యూడ్ 5.2, రెండోదానిది 6.05. ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి రావడానికి ఆరున్నర శతాబ్దాల పైనే పడుతుంది. వర్ణపటం (కాంతిని రంగులుగా విడదీసిన పట్టీ) ప్రకారం మొదటిది కె5 తరగతి, రెండోది కె7. ఈ అక్షరం, అంకె నక్షత్రం ఎంత వేడిదో చెబుతాయి. రెండూ కాంతి తరగతి ఐదులోవే, అంటే సూర్యుడిలాగే కేంద్రంలో హైడ్రోజన్‌ను హీలియంగా మార్చుకుంటూ నిలకడగా వెలిగేవి. ఉపరితల ఉష్ణోగ్రత ఒకదానికి 4,500 కెల్విన్ దరిదాపు, ఇంకోదానికి 4,100 కెల్విన్ దరిదాపు. సూర్యుడిది 5,770. అందుకే వీటి రంగు నారింజ. రెండింటి వెలుగూ కలిపినా సూర్యుడి వెలుగులో పావు వంతు రాదు. ఇంకో విశేషం, కె5, కె7 అంటే ఎలా ఉండాలో చెప్పే ప్రామాణిక తారలు కూడా ఇవే. కొత్త నక్షత్రం వర్ణపటం తీసినప్పుడు వీటి వర్ణపటంతో పోల్చి తరగతి తేలుస్తారు.

దీనికి చరిత్రలోనూ పెద్ద స్థానమే ఉంది. ఇది మిగతా నక్షత్రాల మధ్య చాలా వేగంగా జరుగుతోందని ఇటలీలోని పలెర్మోలో ఖగోళ శాస్త్రవేత్త పియాజీ గమనించాడు. ఏడాదికి సుమారు 5.2 ఆర్క్ సెకన్లు (డిగ్రీలో 3,600వ వంతు ఒక ఆర్క్ సెకను). పున్నమి చంద్రుడి వెడల్పంత దూరం జరగడానికి 350 ఏళ్లు చాలు. నక్షత్రాల లెక్కలో అది పరుగే. అంత కదులుతోందంటే దగ్గరిదై ఉండాలని జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త బెసెల్ ఊహించాడు. మెరిసే పెద్ద చుక్కల్ని వదిలి ఈ మసక చుక్కనే పట్టుకున్నాడు. భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు ఈ చుక్క ఎంత అటూ ఇటూ జరిగినట్టు కనిపిస్తుందో కొలిచి, 1838లో దాని దూరం చెప్పాడు. ఆయన లెక్కకి పది కాంతి సంవత్సరాల పైచిలుకు వచ్చింది. నేటి లెక్కకి ఎంత దగ్గరో చూడండి! సూర్యుడు కాక వేరే నక్షత్రం దూరాన్ని నమ్మదగినట్టు కొలిచి ప్రకటించడం అదే మొదలు. మసక చుక్కని ఎంచుకోవడంలో ఆయన చూపిన తెలివి నాకు చాలా ఇష్టం.

పి సిగ్ని కథ వేరు. 1600 ఆగస్టులో డచ్ పటకర్త బ్లావ్ అంతకుముందు లేని చుక్కగా దీన్ని గుర్తించాడు. అప్పుడు మాగ్నిట్యూడ్ 3 దాకా వెలిగింది. కొన్నేళ్లకి కంటికి కనిపించకుండా పోయి, 1655 ప్రాంతంలో మళ్లీ వెలిగింది. 18వ శతాబ్దం మొదట్లోంచి 5 దగ్గర కుదురుకుంది. ఇది బి తరగతి (బాగా వేడి రకం) మహా మహా తార, అంటే విపరీతంగా వెలిగే భారీ నక్షత్రం, ఉష్ణోగ్రత దాదాపు 19,000 కెల్విన్, వెలుగు లక్షల సూర్యుళ్ల పెట్టు. తన ఒంట్లోని పదార్థాన్ని ఎడతెగకుండా గాలిలా బయటికి విసురుతుంటుంది. ఆ విసురు వర్ణపటంలో దొరుకుతుంది. చాలా ప్రకాశ రేఖలకి, అంటే వెలిగే గీతలకి, నీలం వైపు ఒక్కో నల్ల గీత అంటుకుని ఉంటుంది. మన వైపు దూసుకొచ్చే వాయువు మింగిన కాంతి అది. ఇలాంటి గీతలు ఏ నక్షత్రంలో కనిపించినా ఈ నక్షత్రం పేరుతోనే పిలుస్తారు.

పెగాసస్ నక్షత్ర మండలంలోని 51 పెగాసి ఈ రెండింటికీ మధ్యరకం. మాగ్నిట్యూడ్ 5.5, దూరం 50 కాంతి సంవత్సరాలు, రంగూ వేడీ సూర్యుడి లాంటివే. దాని తరగతి జి2 నుంచి జి5 దాకా ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు. సూర్యుడిలాంటి నక్షత్రం చుట్టూ గ్రహం ఉందని తొలిసారి 1995లో స్విస్ శాస్త్రవేత్తలు మేయర్, కెలో కనిపెట్టింది దీని దగ్గరే. ఆ పనికి 2019లో నోబెల్ వచ్చింది. మన పూర్వాభాద్ర తారలుగా చెప్పే రెండు చుక్కల నడుమ, వాటిని కలిపే గీతకి కాస్త పడమరగా ఉంటుంది. నవంబరు మొదట్లో రాత్రి 8 గంటలకి తెలుగు రాష్ట్రాల్లో దాదాపు నడినెత్తిన ఉంటుంది. అయితే అక్కడ చూడ్డానికి ఒక చుక్క తప్ప ఏమీ లేదు, గ్రహం ఊసు చదివి తెలుసుకోవాల్సిందే.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు ముందు 61 సిగ్నినే చూడాలని నా మాట. కారణం, చదివింది కంటితో చూడొచ్చు. 10×50 బైనాక్యులర్స్‌ని స్టాండ్ మీద కదలకుండా పెడితే రెండు చుక్కలు విడిపోతాయి. చిన్న టెలిస్కోప్‌లో అయితే రెండు నారింజ బొట్లు స్పష్టంగా తేలతాయి. వర్ణపటం తీసే పరికరం లేకుండానే కె తరగతి అంటే ఏంటో కళ్లకి కడుతుంది. పి సిగ్నిలో ఆ సుఖం లేదు, దాని గొప్పంతా వర్ణపటంలోనే దాక్కుంది.

వెతకడంలో మాత్రం పి సిగ్నిదే పైచేయి. అక్టోబరు మొదట్లో రాత్రి 8 గంటలకి ఉత్తరం వైపు తిరిగి తలెత్తితే సిగ్నస్‌లో బాగా మెరిసే డెనెబ్, దానికి పైన ఆ మండలం చుక్కలు గీసే శిలువకి నడిమి చుక్క సాడ్ర్ కనిపిస్తాయి. సాడ్ర్‌కి పైన, కొంచెం ఎడమగా, చాచిన చేతి బొటనవేలి వెడల్పు కంటే కాస్త ఎక్కువ దూరంలో పి సిగ్ని. 61 కోసం శిలువ కుడి రెక్క మీది గీనాని కూడా పట్టుకోవాలి. డెనెబ్, సాడ్ర్, గీనా మూడు మూలలుగా ఒక వాలు చతురస్రం ఊహించుకుంటే సాడ్ర్‌కి ఎదురుగా, కుడివైపు నాలుగో మూలన అది దొరుకుతుంది. హైదరాబాద్, విజయవాడ లాంటి చోట్ల వీధి దీపాల వెలుగులో రెండూ వట్టి కంటికి దొరకవు, బైనాక్యులర్స్ తప్పనిసరి.

కొన్నేళ్ల పాటు ఒకే చుక్కని కనిపెట్టుకుని ఉండే ఓపికున్నవాళ్లకి పి సిగ్నియే మంచిది. అది ఇప్పటికీ కొద్దికొద్దిగా హెచ్చుతగ్గులు చూపిస్తుంది. దగ్గర్లోని 28 సిగ్ని, 29 సిగ్ని రెండూ మాగ్నిట్యూడ్ 4.9 దరిదాపు. చూసిన ప్రతిసారీ పి సిగ్ని వాటికంటే ఎక్కువగా ఉందా, సమానంగా ఉందా, తక్కువగా ఉందా అని తేదీ వేసి రాసుకుంటే సరిపోతుంది.