డిస్కులన్నీ ఉన్నాయి, ఎంపాత్ ఒక్కటే లేదు: డీఎం-మల్టీపాత్‌తో ఏళ్ల అనుభవం

రెడ్ హ్యాట్ లినక్స్ 5 కాలం నుంచి డీఎం-మల్టీపాత్ వాడుతున్నాను. ఒకే స్టోరేజీ డిస్కుకి ఉన్న పలు దారులను కలిపి ఒక్క పరికరంగా చూపించే సాఫ్ట్‌వేర్ ఇది. అలా కట్టిన పరికరాన్నే ఎంపాత్ అంటాం. పనిచేసినంత కాలం అది ఉన్నట్టే తెలియదు. పనిచేయనప్పుడు ఎందుకు చేయడం లేదో మనం అడిగి చెప్పించుకోవాలి, తనంతట తాను నోరు విప్పదు. ఈ సమీక్షలో ఎక్కువ భాగం ఆ రెండో సంగతి గురించే.

మాది కర్నూలులో, బళ్లారి చౌరస్తా వైపు ఉన్న ఆఫీసు. ఒక్కో సర్వర్‌కి రెండు ఫైబర్ ఛానల్ కార్డులు, మధ్యలో రెండు శాన్ (స్టోరేజీ నెట్‌వర్క్) స్విచ్‌లు, స్టోరేజీకి రెండు కంట్రోలర్లు. అంటే ఒక్కో లన్‌కి (స్టోరేజీ నుంచి సర్వర్‌కి ఇచ్చిన డిస్కుకి) నాలుగు దారులు. సర్వర్ కంటికి అదే డిస్కు ఎస్‌డీబీ, ఎస్‌డీసీ, ఎస్‌డీడీ, ఎస్‌డీఈ అని నాలుగుసార్లు కనిపిస్తుంది. నాలుగింటి డబ్ల్యూడబ్ల్యూఐడీ (డిస్కు గుర్తింపు సంఖ్య) ఒకటేనని గుర్తుపట్టి, వాటిని /డెవ్/మ్యాపర్/ఎంపాతా అనే ఒక్క పేరు కిందికి తేవడమే దీని పని.

ముందు మంచి చెప్పుకోవాలి. లోడు నడుస్తుండగా ఒక కేబుల్ పీకి చూడండి. 'మల్టీపాత్ -ఎల్ఎల్' కొడితే సగం దారులు 'ఫెయిల్డ్ ఫాల్టీ' అని కనిపిస్తాయి, డేటాబేస్‌కి మాత్రం చిన్న కుదుపు తప్ప ఏమీ తెలియదు. కేబుల్ మళ్లీ పెడితే ఎవరూ చేయి పెట్టకుండానే 'యాక్టివ్ రెడీ' అయిపోతాయి. వెనకాల నడిచే దీని డీమన్ మామూలుగా కొన్ని సెకన్లకోసారి దారులను పరీక్షిస్తూనే ఉంటుంది. ఇందులో నాకు ఒక్క ఫిర్యాదు కూడా లేదు.

ఫిర్యాదంతా ఎంపాత్ అసలు పుట్టనప్పుడే. మా ఊరి ఎండాకాలం సంగతి తెలిసిందే. కరెంటు పోయి, యూపీఎస్ కూడా చేతులెత్తేసి, అంతా ఒకేసారి తిరిగి లేచిన రాత్రి జూనియర్ ఫోన్ చేస్తాడు: "అన్నా, సర్వర్ లేచింది గానీ ఎంపాత్ ఒక్కటీ రాలేదన్నా."
"ఎస్‌డీ డిస్కులు ఉండాయా లేదా, ముందు అది చూడబ్బీ."
"ఒక్కటీ లేదన్నా."
అయితే తప్పు మల్టీపాత్‌ది కాదు. స్టోరేజీ కంట్రోలర్లు పూర్తిగా లేవకముందే సర్వర్ లేచేసింది. డిస్కుల జాబితా చూపే 'ఎల్ఎస్‌స్కజీ'లో డిస్కే లేకపోతే పైన దేన్ని కట్టగలదు? స్టోరేజీ సిద్ధమయ్యాక 'రీస్కాన్-స్కజీ-బస్' స్క్రిప్టు నడిపితే సరి. అప్పటికీ రాకపోతే ఫైబర్ కార్డు స్థితి చెప్పే /సిస్/క్లాస్/ఎఫ్‌సీ_హోస్ట్ కింద పోర్ట్_స్టేట్ ఆన్‌లైన్‌లో ఉందా అని చూసి, ఆ తర్వాతే జోనింగ్ (స్విచ్‌లో ఏ పోర్టు దేన్ని చూడాలన్న అమరిక), లన్ మ్యాపింగ్ (ఏ లన్ ఏ సర్వర్‌కన్న అమరిక) జోలికి పోవాలి. వెండర్ ఇంజనీరు హైదరాబాదు నుంచి రావాలంటే రెండొందల కిలోమీటర్ల పైమాటే. లోపం ఏ మెట్టు మీద ఉందో తేలకుండా ఆయన్ని పిలిపిస్తే ఒక రోజు పోయినట్టే.

అసలు చిక్కు డిస్కులు నాలుగూ ఉండి, ఎంపాత్ లేనప్పుడు. ఇక్కడే దీని మౌనం చిరాకు తెప్పిస్తుంది. 'మల్టీపాత్ -ఎల్ఎల్' కొడితే ఖాళీ. ఎర్రర్ ఉండదు, హెచ్చరిక ఉండదు. ఐబీఎం వాళ్ల యూనిక్స్ అయిన ఏఐఎక్స్‌లో 'ఎల్ఎస్‌పాత్' కొడితే పోయిన దారి పక్కన 'మిస్సింగ్' అని ముఖం మీదే రాసి ఉంటుంది. ఇక్కడ కారణం కావాలంటే 'మల్టీపాత్ -డి -వి3' నడపాలి. -డి ఉంటే దేన్నీ మార్చకుండా ఏం చేసేదో మాత్రమే చెబుతుంది. పేజీలకు పేజీలు కక్కుతుంది గానీ ఆ గుంపులో మన ఎస్‌డీబీ పేరు వెతుక్కుంటే రెండిట్లో ఒకటి తేలుతుంది: బ్లాక్‌లిస్టులో (వదిలేయాల్సిన డిస్కుల జాబితాలో) పడిందనో, తెలిసిన డబ్ల్యూడబ్ల్యూఐడీల ఫైల్లో లేదనో.

బ్లాక్‌లిస్టు సంగతి సులువు. లోపలి డిస్కును తప్పించడానికి ఎవరో ఎస్‌డీ అన్న ప్యాటర్న్ మొత్తం రాసి ఉంటారు, కొత్త లన్ కూడా దానికే చిక్కుతుంది. రెండోది 'ఫైండ్_మల్టీపాత్స్' అనే సెట్టింగు. రెడ్ హ్యాట్‌లో సెట్టింగుల ఫైలు తయారుచేసే 'ఎంపాత్‌కాన్ఫ్' దీన్ని 'యెస్' అని రాస్తుంది. అంటే ఒకే డబ్ల్యూడబ్ల్యూఐడీతో కనీసం రెండు దారులు కనబడితేనో, లేదా ఇంతకుముందే దాన్ని ఎరిగి ఉంటేనో ఎంపాత్ కడుతుంది. ఒక్క దారే ఉంచి కొత్త లన్ పరీక్షిస్తే ఏమీ రాదు. కొత్త వెర్షన్లలో ఈ సెట్టింగుకి ఉన్న 'స్ట్రిక్ట్' ఇంకా గట్టిది. /ఈటీసీ/మల్టీపాత్/డబ్ల్యూడబ్ల్యూఐడీస్ ఫైల్లో పేరుంటేనే కడుతుంది, కార్డులో పేరు లేనివాడికి బియ్యం ఇవ్వని రేషన్ డీలరులాగా. 'మల్టీపాత్ -ఎ /డెవ్/ఎస్‌డీబీ' కొట్టి పేరు ఎక్కించి, 'మల్టీపాత్ -ఆర్' అంటే వస్తుంది. రూట్ డిస్కే శాన్ మీద ఉంటే ఆ పేరు బూట్ మొదట్లో లోడయ్యే ఇనిట్ర్యామ్‌ఎఫ్ఎస్‌లోకి కూడా ఎక్కాలి, దాన్ని మళ్లీ తయారుచేసే 'డ్రాకట్ --ఫోర్స్' మరిచిపోకూడదు.

డిస్కులను లాజికల్ వాల్యూములుగా పంచే ఎల్‌వీఎం చేసే అల్లరి వేరే. బూట్‌లో మల్టీపాత్ కంటే ముందు లేచి ఎస్‌డీబీని పట్టేసుకుంటే, తర్వాత ఎంపాత్ కట్టబోయినప్పుడు 'డివైస్ ఆర్ రిసోర్స్ బిజీ' అంటుంది. 'ఎల్ఎస్‌బీఎల్‌కే' చూస్తే వెంటనే దొరికిపోతుంది: ఎస్‌డీబీ కింద నేరుగా లాజికల్ వాల్యూమ్ వేలాడుతుంటుంది, మధ్యలో ఎంపాత్ ఉండదు. అప్పుడు సిస్టమ్ నడుస్తూనే ఉంటుంది, అదే ప్రమాదం. నాలుగు దారుల డబ్బు పెట్టి ఒక్క దారి మీద బతుకుతున్నట్టు ఆ కేబుల్ పోయేదాకా ఎవరికీ తెలియదు. ఎల్‌వీఎం.కాన్ఫ్‌లో ఫిల్టర్, లేదా రెడ్ హ్యాట్ 9లో అయితే సిస్టమ్.డివైసెస్ ఫైలు సరిచేసుకోవాలి. మానిటరింగులో దారుల లెక్క తప్పకుండా పెట్టండి. ఎంపాత్ ఉందా లేదా అన్నది ఒక్కటే చూస్తే చాలదు.

అరుదైనది ఇంకోటుంది. 'డీఎం‌సెటప్ ఎల్ఎస్'లో ఎంపాతా ఉంటుంది, /డెవ్/మ్యాపర్‌లో ఉండదు. కెర్నల్ తన పని చేసింది, పేరు పెట్టాల్సిన యూడెవ్ ఎక్కడో ఆగిపోయింది. 'యూడెవ్ఏడీఎం ట్రిగ్గర్' నడిపితే వస్తుంది. తొందరలో 'డీఎంసెటప్ ఎంకేనోడ్స్' కొట్టినా వస్తుంది గానీ 'ఎల్ఎస్ -ఎల్'లో గమనించండి: మామూలుగా అది ../డీఎం-3 లాంటి చోటికి చూపించే లింకు, ఇప్పుడు నేరుగా బ్లాక్ నోడ్ అయి కూర్చుంటుంది. పని జరుగుతుంది, యూడెవ్ జబ్బు మాత్రం అలాగే ఉంటుంది. రెడ్ హ్యాట్ 5లో యూడెవ్ తయారుచేసే /డెవ్/ఎంపాత్ డైరెక్టరీ కూడా ఉండేది. బూట్‌లో అవసరమయ్యే వేళకి అది ఉండకపోవచ్చు. 6 నుంచి తీసేశారు, మంచి పని చేశారు.

వర్చువల్ మెషీన్లవాళ్లకి ఒక మాట. వీఎంవేర్ గెస్టులో డిస్కుకి గుర్తింపు సంఖ్యే రాకపోతే 'డిస్క్.ఎనేబుల్‌యూయూఐడీ' ఆన్‌లో ఉందా చూడండి. అసలు గెస్టు లోపల మల్టీపాత్ ఎందుకన్నది నా ప్రశ్న. ఆ పని కింద హోస్టు చేస్తూనే ఉంటుంది కదా.

ఇక స్కజీకి బదులు ఎన్‌వీఎంఈ అనే కొత్త తరహా స్టోరేజీ వచ్చాక రెడ్ హ్యాట్ 9లో చాలామంది లేని ఎంపాత్ కోసం తెగ వెతుకుతున్నారు. అక్కడ కెర్నల్‌లోని సొంత ఎన్‌వీఎంఈ మల్టీపాతే మామూలుగా ఆన్‌లో ఉంటుంది. /డెవ్/మ్యాపర్‌లో ఏమీ రాదు, రాకూడదు కూడా. /డెవ్/ఎన్‌వీఎంఈ0ఎన్1 ఒక్కటే కనిపిస్తుంది. దారులు చూడాలంటే 'ఎన్‌వీఎంఈ లిస్ట్-సబ్‌సిస్' కొట్టాలి.