వాల్యూమ్ నాబ్ ఒక్కటే చాలు: జెర్మేనియం ఫజ్ పెడల్‌తో ఆరేళ్లు

గిటార్ శబ్దాన్ని మందంగా, గరగరగా మార్చే ఈ ఫజ్ పెడల్ నా దగ్గరికి వచ్చి ఆరేళ్లు దాటింది. దాని మీదున్న రెండు నాబ్‌లను మొదటి వారంలో ఒక చోట పెట్టాను. ఫజ్ నాబ్ చివరిదాకా తిప్పి వెంట్రుకవాసి వెనక్కి, వాల్యూమ్ సగానికి కొంచెం పైన. ఆ తర్వాత వాటిని ముట్టుకున్నది చాలా తక్కువ. ఆరేళ్లుగా వాయిస్తూ నేను తిప్పుతున్నదంతా గిటార్ మీదున్న వాల్యూమ్ నాబే. ఈ సమీక్ష రాయాలనిపించింది కూడా దాని కోసమే.

ఇది చిన్న వర్క్‌షాప్‌లో చేతితో కట్టిన పెడల్. సర్క్యూట్ మాత్రం అందరికీ తెలిసినదే. 1966లో లండన్‌లోని అర్బిటర్ సంస్థ తెచ్చిన ఫజ్ ఫేస్‌ది: జెర్మేనియం అనే పదార్థంతో చేసిన రెండు ట్రాన్సిస్టర్లు, గుప్పెడు భాగాలు, అంతే.

గిటార్ వాల్యూమ్ 10లో ఉంటే మీరు రికార్డుల్లో విన్న ఆ మందపాటి, సాగే ఫజ్ వస్తుంది. 7కి తగ్గిస్తే ఫజ్ పోయి, యాంప్ (యాంప్లిఫయర్) గట్టిగా పెంచినప్పుడు వచ్చే తేలికపాటి గరగరలా, అంటే ఓవర్‌డ్రైవ్‌లా మారుతుంది. 4 దగ్గర పూర్తిగా క్లీన్, అంటే గరగర లేని శబ్దం. అది మామూలు క్లీన్ కూడా కాదు. పెడల్ ఆపేసి వాయిస్తే వచ్చే క్లీన్ కంటే ఇంకా మెరుపుగా, గాజు మీద మీటినట్టు ఉంటుంది. గిటారిస్ట్ జిమి హెండ్రిక్స్ నెమ్మదైన పాటల్లో వినిపించే ఆ గంటలాంటి టోన్ కోసం నేను ఎన్నో పెడల్స్ మార్చాను. చివరికి ఫజ్ ఆన్‌లో ఉంచి, వాల్యూమ్ తగ్గిస్తే దొరికింది. మొదటిసారి విన్నరోజు పెడల్ ఆన్‌లోనే ఉందా అని రెండుసార్లు వంగి చూశాను.

ఈ సర్క్యూట్ ఇన్‌పుట్ ఇంపెడెన్స్ (లోపలికి వచ్చే సిగ్నల్‌కు అది చూపే అడ్డు) చాలా తక్కువ. దాంతో తీగల కదలికను సిగ్నల్‌గా మార్చే గిటార్ పికప్ కూడా సర్క్యూట్‌లో ఒక భాగమైపోతుంది. వాల్యూమ్ నాబ్ తగ్గించినప్పుడు ఆ రెండింటి మధ్యకి రెసిస్టెన్స్ వచ్చి చేరుతుంది. సిగ్నల్ తగ్గుతుంది, దానితో పాటు పికప్ మీద బరువు కూడా తగ్గి, అప్పటిదాకా అణగి ఉన్న ట్రెబుల్ పైకి వస్తుంది. అందుకే గిటార్‌కీ దీనికీ మధ్య బఫర్ (పికప్‌ను తర్వాతి సర్క్యూట్ నుంచి వేరుచేసే భాగం) ఉన్న పెడల్ ఏదీ ఉండకూడదు. మొదటి నెలలో బఫర్ ఉన్న నా ట్యూనర్ పెడల్ దీని ముందు ఉండేది. వాల్యూమ్ ఎంత తగ్గించినా గరగరే తప్ప క్లీన్ రాలేదు. ట్యూనర్‌ను వెనక్కి జరిపాక సరిపోయింది.

ఈ పెడల్ గురించి తోటి వాయిద్యకారులకు చాలాకాలం ఒక మాట చెబుతూ వచ్చాను: ఏ యాంప్‌లో పెట్టినా ఇదే టోన్ వస్తుందని. ఆ మాట ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. నాది 6వీ6 రకం ట్యూబులతో నడిచే 22 వాట్ల కాంబో, అంటే స్పీకర్ కూడా అదే పెట్టెలో ఉన్న యాంప్. వాల్యూమ్ 5 దాటాక ట్యూబులు తామే కొద్దికొద్దిగా గరగరలాడడం మొదలుపెడతాయి. ఆ అంచున ఉన్నప్పుడే ఫజ్ వెచ్చగా, ఒత్తుగా కూర్చుంటుంది. అదే యాంప్‌ను 2 దగ్గర పెట్టి వాయిస్తే డబ్బాలో కందిరీగ మోతలా ఉంటుంది. 22 వాట్లంటే తక్కువే కదా అనుకోవద్దు, ట్యూబ్ యాంప్‌లో 5 దగ్గర గదిలో మాట వినిపించదు. యాంప్ బాస్ కూడా 3 దాటనివ్వను, దాటితే ఫజ్‌తో కలిసి స్పీకర్ ముద్దముద్దగా పలుకుతుంది. రాత్రిళ్లు ఇంట్లో సాధన చేసేటప్పుడు ఫజ్ తర్వాత ట్యూబ్ స్క్రీమర్ అనే ఓవర్‌డ్రైవ్ పెడల్ పెట్టి, డ్రైవ్ బాగా తగ్గించి, ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచుతాను. అది బాస్ కోసి, 720 హెర్ట్జ్ చుట్టుపక్కల మిడ్స్‌ను (మధ్యస్థాయి ధ్వనులను) ముందుకు తెస్తుంది కాబట్టి యాంప్ పెంచిన భ్రమ కొంత కలుగుతుంది. కొంతే. పూర్తిగా మాత్రం కాదు.

ఇక అసలు దెబ్బ తిన్న రోజు సంగతి. నాలుగో ఏడాది, ఎండాకాలం, బహిరంగ వేదిక. పొద్దున్నే సౌండ్‌చెక్ చేసినప్పుడు టోన్ అంత బాగా ఎన్నడూ రాలేదనిపించింది. మా వంతు మధ్యాహ్నం వచ్చింది. అప్పటికి రెండు గంటలుగా నా పెడల్‌బోర్డు నేరుగా ఎండలో ఉంది, పైగా దాని రంగు నలుపు. మొదటి పాటలో సోలో మొదలుపెట్టి ఒక నోట్‌ను లాగి పట్టుకున్నాను. అది రెండు క్షణాలు కూడా నిలవకుండా టప్పున తెగిపోయింది. మళ్లీ మీటాను. తుప్పర్లు చిందినట్టు చిటపట, ఆ వెంటనే నిశ్శబ్దం. వాల్యూమ్ తగ్గిస్తే క్లీన్ రావాల్సిన చోట నీరసమైన, పగిలిన శబ్దం.

ట్యూబ్ పోయిందనుకున్నాను. కేబుల్ మార్చాను. బ్యాటరీ మార్చాను. చేతులు వణుకుతున్నాయి, ముందు జనం, పక్కన డ్రమ్మర్ లయ పట్టి నా కోసం చూస్తున్నాడు. చివరికి ఫజ్ ఆపేసి ట్యూబ్ స్క్రీమర్‌తో నడిపించాను. పాటలు అయితే సాగాయి. నేను వినిపించాలనుకున్నది మాత్రం వినిపించలేకపోయాను. ఆ టెన్షన్ ఇప్పటికీ గుర్తుంది.

వేదిక దిగాక ఆ పెడల్‌ను నీడలో, చల్లటి నీళ్ల సీసాకి ఆనించి పెట్టాను. ఇరవై నిమిషాల తర్వాత ఇంకొకరి యాంప్‌లో పెట్టి చూస్తే ఏమీ జరగనట్టు పలికింది. అప్పుడు అర్థమైంది, అది వేడి పనే అని. జెర్మేనియం ట్రాన్సిస్టర్‌లో లీకేజ్ కరెంట్ (అక్కర్లేకపోయినా కారే కొద్దిపాటి కరెంటు) ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే దాదాపు రెట్టింపవుతుంది. దాంతో బయాస్, అంటే ట్రాన్సిస్టర్ సరిగ్గా పనిచేయడానికి పెట్టిన వోల్టేజీ అమరిక, తప్పుతుంది. ఇంటికొచ్చాక వెనక మూత తీసి, రెండో ట్రాన్సిస్టర్ కాళ్లలో ఒకటైన కలెక్టర్ దగ్గర మీటర్ పెట్టాను. గదిలో 4.5 వోల్టులు, అంటే 9 వోల్టుల బ్యాటరీలో సరిగ్గా సగం. హెయిర్ డ్రయ్యర్‌తో కొంచెం వెచ్చబెట్టగానే ఆ అంకె కళ్లముందే కదిలిపోయింది.

నాకు కోపం వచ్చింది వేడి మీద కాదు. ఈ పదార్థం గుణమే అది. కానీ కట్టినవాళ్లకు ఆ సంగతి తెలుసు. లోపల బయాస్‌ను సర్దే బుల్లి నాబ్ (ట్రిమ్ పాట్) పెట్టారు, దాన్ని తిప్పాలంటే నాలుగు స్క్రూలు విప్పాలి. అదే నాబ్ బయట పెట్టి ఉంటే ఆ మధ్యాహ్నం అర నిమిషంలో సర్దుకునేవాణ్ణి. పెడల్‌తో వచ్చిన కాగితం మీద ఒక్క ముక్క హెచ్చరిక కూడా లేదు. యాంప్‌లు రిపేర్ చేసే ఒకాయన చేత బయటికి నాబ్ పెట్టించుకున్నాను. అప్పటినుంచి వాయించే ముందు ఒక నోట్ సాగదీసి, అది మెత్తగా చనిపోయేదాకా ఆ నాబ్ సర్దడం అలవాటైంది. చలి రోజుల్లో ఒక చోట, వేసవిలో ఇంకో చోట.

దీని తర్వాత సిలికాన్ ట్రాన్సిస్టర్లున్న ఫజ్ ఒకటి కొన్నాను. మొదటి రెండేళ్లూ సిలికాన్‌ను చులకనగా మాట్లాడినవాణ్ణి నేనే. ఎండలో చెక్కుచెదరదు, గెయిన్ ఎక్కువ, బ్యాండ్ మధ్యలోంచి కోసుకుని వినిపిస్తుంది. గిటార్ వాల్యూమ్ తగ్గిస్తే క్లీన్ అవుతుంది కూడా, అయితే ఆ 7కీ 4కీ మధ్య మెట్టుమెట్టుగా మారే అందం అందులో నాకు దొరకలేదు. నాకు కావలసింది సరిగ్గా ఆ మధ్య భాగమే.

కరెంటు సంగతి కూడా చెప్పాలి. నాది పీఎన్‌పీ రకం ట్రాన్సిస్టర్లతో పాజిటివ్ గ్రౌండ్ (బ్యాటరీ పాజిటివ్ వైపు గ్రౌండ్‌కు కలిపినది) కాబట్టి మిగతా పెడల్స్‌తో ఒకే అడాప్టర్ గొలుసులో కలపకూడదు, షార్ట్ అవుతుంది. నేను బ్యాటరీతోనే నడుపుతాను. చాలా తక్కువ కరెంటు తీసుకుంటుంది కాబట్టి నెలల తరబడి వస్తుంది, వాయించడం అయ్యాక ఇన్‌పుట్ కేబుల్ పీకడం మరవకపోతే.

మీరు కొనాలా అంటే, నా పరిస్థితి చెబుతాను, మీది మీరు చూసుకోండి. నాది సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట ఉన్న పికప్) గిటార్. మా బ్యాండ్‌లో ముగ్గురమే, రెండో గిటార్ లేదు, కాబట్టి ఒకే పాటలో మూడు టోన్లూ నేనే ఇవ్వాలి. ఎక్కువగా నాలుగు గోడల మధ్యే వాయిస్తాం, యాంప్ పెంచితే ఎవరూ అడ్డు చెప్పరు. ఇన్ని కలిసొచ్చాయి కాబట్టి నాకు ఇది పనికొచ్చింది. హంబకర్ (రెండు తీగచుట్టలున్న పికప్) గిటార్ వాయించే స్నేహితుడు రెండు వారాలు తీసుకెళ్లి తిరిగిచ్చేశాడు, అతని చేతిలో క్లీన్ అంత తేటగా రాలేదు, నేనూ విన్నాను.

వచ్చే నెల మళ్లీ బహిరంగ వేదిక ఉంది. బోర్డు మీద సిలికాన్ పెడుతున్నాను. ఇది సంచిలో, నీడలో ఉంటుంది. మా వంతు పొద్దుగూకాక వస్తే బయటికి తీస్తాను.